సముద్రుని యెడ అపచారము: ఒక్కొక్కని భాగమెంత?

నారాయణ శబ్దమునకు పెద్దలు చెప్పిన వ్యుత్పత్తులలో ఒకటి జలముతో ముడిపడి ఉన్నది. నారములనగా జలములు, అవి ఎవనికి అయనమో, అనగా నివాసమో, ఆయన నారాయణుడు. ప్రళయజలముల నడుమ వటపత్రముపై శయనించిన శిశువును తలచినను, పాలకడలిలో శేషతల్పముపై పవళించిన స్వామిని తలచినను భక్తుని మనస్సు ముందుగా నీటి యొద్దకే చేరును. మత్స్యమై, కూర్మమై స్వామి తొలుత అవతరించినదియు నీటియందే.

జగన్మాత శ్రీమహాలక్ష్మి క్షీరాబ్ధి కన్యక. ఆ వరుసను బట్టి సముద్రుడు అమ్మవారికి తండ్రి. స్వామికి పిల్లనిచ్చిన మామగారు. తెలుగు లోగిళ్లలో పిల్లనిచ్చినవారి మర్యాద ఎట్టిదో ఎల్లరెరిగినదే. వారు పెట్టువారే కాని అడుగువారు కారు. ఏ లోటు జరిగినను, ఏ మాట పడవలసి వచ్చినను బిడ్డ సుఖమును తలచి నోరెత్తరు. వారి మౌనమును అలుసుగా గైకొనుట ఏ వంశమునకును గౌరవము కాదు. సముద్రుడును అట్లే మేఘములకు నీటిని, జాలరికి చేపను, పూజామందిరమునకు శంఖమును, వంటయింటికి ఉప్పును ఇచ్చుచునే ఉన్నాడు. ప్రతిగా ఆయనకు ముట్టుచున్నదేమి అను ప్రశ్న నేడు భక్తుల ముందున్నది.

ఈ ప్రశ్నను దాటుటకు లోకములో ఒక సులభమైన మాట వాడుకలో ఉన్నది. జరిగిన తప్పులో తన వంతు సముద్రములో కాకిరెట్ట వంటిదని ప్రతివాడును తప్పుకొనును. అయితే సామెతలోని కాకి ఒక్కటే. నేడు భూమిపై మనుష్యుల సంఖ్య 800 కోట్లు దాటినది. ఇన్ని కాకుల మాలిన్యమును సముద్రము మోయుచుండగా ప్రతి కాకియు తాను నిర్దోషినని చెప్పుకొన్నచో ఇక దోషమెవరిది? పలువురు కలిసి చేసిన అపచారములో ఒక్కొక్కని భాగమెంత? ఇది నేడు పుట్టిన ప్రశ్న కాదు. ధర్మశాస్త్రములును, మీమాంసాశాస్త్రమును ఏనాడో విచారించిన ప్రశ్న.

సముద్రుడు మోయుచున్న బరువు

విచారణకు ముందు ఆ బరువు ఎట్టిదో తెలియవలెను. అది రెండు విధములు: కంటికి కనబడునది, కనబడనిది.

కనబడునది ప్లాస్టిక్కు. సముద్రతీరము గల 192 దేశముల లెక్కలను తీసికొని శాస్త్రజ్ఞులు 2015లో ఒక అంచనాను ప్రకటించిరి. దాని ప్రకారము 2010వ సంవత్సరము ఒక్కదానిలోనే 48 లక్షల టన్నులకు తక్కువ కాకుండ, 127 లక్షల టన్నులకు మించకుండ ప్లాస్టిక్కు కడలిలో చేరినది. అరటి ఆకు నీటిలో పడిన కొలది దినములకు కుళ్లి చేపలకు మేతయగును. ప్లాస్టిక్కు అట్లు కాదు. ఎండకు, అలలకు చిన్న చిన్న తునకలగునే గాని దాని స్వభావమును విడువదు. ఆ తునకలను చేపలు మింగును; ఆ చేపలను మనుష్యులు తిందురు.

కూర్మనాథుడు మూలవిరాట్టుగా అర్చింపబడు శ్రీకూర్మక్షేత్రము శ్రీకాకుళము జిల్లాలో సముద్రమునకు చేరువనే ఉన్నది. ఆ కళింగతీరమున, దానికి ఉత్తరముగా ఒడిశాలోని ఋషికుల్యా ముఖద్వారమున, గహిర్మథ తీరమున ఏటేట ఆలివ్ రిడ్లీ అను జాతి సముద్రపు తాబేళ్లు ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టిపోవును. సముద్రపు తాబేళ్లు జెల్లీచేపలను భక్షించును. నీటిలో తేలు ప్లాస్టిక్కు సంచి వాటి కంటికి జెల్లీచేప వలెనే కనబడును. దానిని మింగిన తాబేటి ప్రేగు మూసికొనిపోవును. తెగి కొట్టుకొనిపోయిన నైలాను వలలలో చిక్కి ఊపిరాడక చచ్చునవి మరికొన్ని. ఒకప్పుడు మందరగిరిని మోసిన రూపమునకు నేడు ఒక చేతిసంచి మోయరాని బరువైనది.

కనబడనిది ఇంతకంటె పెద్దది. విద్యుచ్ఛక్తి కొరకు, యంత్రముల కొరకు, వాహనముల కొరకు రాక్షసిబొగ్గును, పెట్రోలు మొదలగు నూనెలను కాల్చినప్పుడు వెలువడు వాయువునకు పాత పాఠ్యపుస్తకములలో బొగ్గుపులుసు వాయువని పేరు. పారిశ్రామిక యుగమునకు ముందు గాలి పది లక్షల పాళ్లలో ఈ వాయువు సుమారు 280 పాళ్లు మాత్రమే ఉండెడిది. హవాయి ద్వీపమునందలి మౌనాలోవా పర్వతముపై 1958లో కొలత ప్రారంభించిన నాటికి అది 315 పాళ్లు. నేడు 420 పాళ్లను దాటినది. మనుష్యులు ఏటేట విడుచు ఈ వాయువులో దాదాపు నాలుగవ వంతును సముద్రుడే త్రాగుచున్నాడు. దాని మూలమున భూమికి హెచ్చిన వేడిలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఆయనే భరించుచున్నాడు. ఆయన అట్లు భరింపనిచో నేలపై బ్రతుకు ఇప్పటికే దుర్భరమై ఉండెడిది.

త్రాగిన దాని ఫలితము ఆ వాయువు పేరులోనే ఉన్నది. అది నీటిలో కరిగి పులుసగును, అనగా ఆమ్లమగును. పారిశ్రామిక యుగారంభము నుండి సముద్రపు పైనీటిలో ఆమ్లత నాలుగవ వంతు కంటె ఎక్కువగానే హెచ్చినదని కొలతలు తెలుపుచున్నవి. శంఖము, ముత్యపు చిప్ప, పగడము మొదలగునవి సముద్రజలములోని సున్నపు పదార్థమును గ్రహించి కవచమును కట్టుకొను జీవుల నిర్మాణములు. ఆమ్లత పెరిగిన కొలది ఆ పదార్థము వాటికి అందుట కష్టమగును. స్వామి ఎడమచేత ధరించునది శంఖము. తిరువారాధనలో తీర్థమునకు ఉపయోగించునది శంఖము. ఆ శంఖమును కట్టు చిన్నప్రాణి ఇంటికి ఇటుక కరవగుచున్నదని వైష్ణవ గృహస్థునకు తెలియుట అవసరము.

రామసేతువునకు నెలవైన మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టును పగడపు దిబ్బలు కలవు. 1986లో ప్రభుత్వము ఆ ప్రాంతమును సముద్ర జాతీయోద్యానముగా ప్రకటించినది. నీరు అతిగా వేడెక్కినప్పుడు పగడపు జీవి తనకు ఆహారమును, రంగును ఇచ్చు సూక్ష్మమైన నాచును వెళ్లగ్రక్కి తెల్లబడిపోవును. వేడి తగ్గనిచో చచ్చును. 2010లోను, 2016లోను ఆ దిబ్బలు అట్లు తెల్లబడినవి. ఆ వేడిని పుట్టించిన పొగగొట్టములు లోకమంతట ఉన్నవి. వాటిని నిలిపినవారిలో అనేకులు రామేశ్వరము పేరైనను వినియుండరు.

సముద్రము సర్వమును శుద్ధి చేయదా?

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. నదులన్నియు తమ మాలిన్యముతో సహా సముద్రములో కలియుచున్నను అది చెడక నిలిచియున్నది. సర్వతీర్థమయమైన దానికి మాలిన్యమెక్కడిది అని కొందరందురు. భక్తితో పలికినను ఈ మాట వస్తువిచారమునకు నిలువదు. పూర్వము నదులు మోసికొనిపోయినవి మట్టి, ఆకు, బూడిద, ఎముక. వాటిని తిరిగి తనలో కలుపుకొను శక్తి సముద్రమునకు సహజముగా కలదు. సృష్టిలో లేనిదానిని చేసి పడవేసినప్పుడు ఆ శక్తి ఏమి చేయగలదు?

జపాను దేశమున మినమాట అను ఊరు ఇందుకు సాక్ష్యము. అచ్చట ఒక రసాయన కర్మాగారము పాదరసము కలిసిన వ్యర్థజలమును అఖాతములోనికి ఏండ్ల తరబడి విడిచినది. అంత నీటిలో ఇంత విషము కరగిపోవునని కర్మాగారమువారి ధీమా. కరగలేదు. నాచు నుండి చిన్న చేపకు, చిన్న చేప నుండి పెద్ద చేపకు చేరి కూడుకొన్నది. ముందు పిల్లులు తూలి పడి చచ్చినవి. తరువాత జాలరి కుటుంబములవారికి అవయవములు స్వాధీనము తప్పినవి. 1956లో ఆ రోగమును అధికారికముగ గుర్తించిరి. పైకి ఆరోగ్యవతులుగా కనబడిన తల్లులకు సైతము వికలాంగులైన శిశువులు జన్మించిరి. రాక్షసిబొగ్గు పొగలోను ఈ పాదరసము కొంత ఉండును. సముద్రుడు మౌనముగా పుచ్చుకొనుట నిజమే కాని, పుచ్చుకొన్నదంతయు ఆయన యొద్దనే నిలుచునను నియమము లేదు.

శాస్త్రమును నీటి విషయములో ఉదాసీనముగ లేదు. తైత్తిరీయారణ్యకమున ప్రథమ ప్రశ్నమునకు అరుణమని ప్రసిద్ధి. సూర్యోపాసనలో దానిని పఠింతురు. ఇటుకలకు బదులు జలములనే పేర్చి చేయు ఆరుణకేతుకాగ్ని చయనము అందు విహితమైనది. ఆ వ్రతమును పట్టినవాడు నీటిలో మలమూత్రములను విడువరాదనియు, ఉమ్మరాదనియు, వివస్త్రుడై స్నానమాడరాదనియు అచ్చటనే నియమము. మనువు తన స్మృతిలో మలమూత్రములతో పాటు రక్తమును, విషమును, అపవిత్రమైన మరి ఏ వస్తువును నీటిలో వేయరాదనెను. ఇక సముద్రమును పర్వదినములందు తప్ప తాకరాదని ఆచారము. సేతువు దానికి మినహాయింపు. తాకుటకే తిథిని చూడవలసిన దానిలో చెత్తను పోయుటకు తిథివారములు లేకపోవుట విపరీతము.

శ్రీమద్రామాయణమున యుద్ధకాండలో సముద్రుడు నోరు విప్పిన ఘట్టము ఒకటి కలదు. శ్రీరాముడు దర్భలపై శయనించి మూడు రాత్రులు వేచియుండెను, సముద్రుడు రాలేదు. స్వామి కోదండమును ఎత్తినప్పుడు ఆయన వెలువడి, పంచభూతములును తమ తమ స్వభావమున నిలిచియుండుననియు, లోతుగా, దాటరానిదిగా ఉండుట తన స్వభావమనియు విన్నవించెను. జగన్నాథుడైన రాముడు ఆ స్వభావమును కాదనలేదు, ఇంకింపలేదు, దానిపై సేతువును కట్టించెను. సంధించిన బాణమును ఎచ్చట విడువవలెనని అడిగినప్పుడు సముద్రుడు ఉత్తరదిశను ద్రుమకుల్యమను చోటును చూపెను. అచ్చట పాపకర్ములైన దస్యులు తన నీటిని త్రాగుచున్నారని, వారి స్పర్శను తాను సహింపజాలనని చెప్పెను. తన కొరకు ఏ సంపదను కోరని సముద్రుడు ఆనాడు చెప్పుకొన్న కష్టము అదొక్కటే: పాపుల స్పర్శ. స్వామి ఆ మొరను ఆలకించెను.

విశిష్టాద్వైత సిద్ధాంతమున ఈ విషయము మరింత గంభీరమగును. చేతనాచేతనమగు సమస్త ప్రపంచమును భగవంతునకు శరీరము, ఆయన శరీరి. జలములలో నుండియు జలములకు తెలియనివాడై, జలములే శరీరముగా గలవాడై, లోపలనుండి వాటిని నియమించువాడు అంతర్యామియని బృహదారణ్యకము తెలుపుచున్నది. భగవద్రామానుజులవారి దర్శనమునకు ఈ శ్రుతి ఆధారస్తంభము. ఈ దృష్టితో చూచినచో సముద్రమును మలినపరచుట ఒక జడవస్తువును పాడుచేయుట మాత్రమే కాదు. భగవంతుని శరీరమునందు చేసిన అపచారము. అర్చామూర్తిపై ధూళి పడిన తల్లడిల్లు భక్తుడు ఇచ్చట ఉదాసీనుడగుటకు హేతువు కనబడదు.

కర్త ఎవడు? భాగస్వామి ఎవడు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావలెను. పలువురు చేసిన కర్మ ఫలము ఎట్లు చెందును?

సోమయాగములలో సత్రమని ఒక విశేషము కలదు. అందు యజమాని వేరు, ఋత్విక్కులు వేరు అను భేదము లేదు. పదునేడుగురికి తక్కువ కాకుండ, ఇరువదినలుగురికి మించకుండ కలిసి కూర్చుందురు, అందరును యజమానులే. అట్లయిన యాగఫలమును పదునేడు పాళ్లు చేసి తలకొక పాలు పంచవలెనా? జైమిని మహర్షి పూర్వమీమాంసలో ఆరవ అధ్యాయమున దీనిని విచారించెను. సిద్ధాంతము, ప్రతి యజమానికిని ఫలము సంపూర్ణముగనే లభించునని. ఒక దీపపు వెలుగులో పదిమంది చదువుకొన్నంత మాత్రమున ఒక్కొక్కనికి పదవ వంతు వెలుగే దక్కుట లేదు గదా! కలిసి చేసిన పుణ్యము విడిపోక ఒక్కొక్కనికి నిండుగా వచ్చునని ఆశించు మనుజుడు, కలిసి చేసిన పాపమును మాత్రము 800 కోట్ల తునకలు చేసి తన తునక కంటికి ఆనదనుట న్యాయము కాదు. పుణ్యమునకు ఒక కొలకుండ, పాపమునకు మరియొక కొలకుండ పెట్టుకొను వర్తకుని సంతలో ఎవరును నమ్మరు.

హింసా విషయమున మనుస్మృతి ఇంకను స్పష్టముగ ఉన్నది. చంపినవాడు ఒక్కడే హంతకుడు కాడు. అనుమతించినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరును ఘాతకులే అని లెక్కపెట్టి చెప్పినది. నేటి తాబేటి మరణమునకు ఈ లెక్కను అన్వయించి చూడవలెను. సంచిని చేసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, వాడి విసరినవాడు, విసరుట చూచి ఊరకున్నవాడు, ఊడ్పించవలసియు ఊడ్పింపని అధికారి. ఈ వరుసలో తనకు చోటు లేదని చెప్పగలవారు అరుదు.

అట్లని అందరి దోషమును సమానమా? కాదు. తెలుగునాట అనేక కుటుంబములకు సూత్రకర్తయైన ఆపస్తంబ మహర్షి ధర్మసూత్రములందు దీనికి మేర కట్టెను. ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, చేసినవాడు ముగ్గురును స్వర్గనరక ఫలములలో భాగస్వాములే. అయితే వారిలో ఆ కార్యమునకు ఎవడు ఎక్కువగా తోడ్పడునో వానికి ఫలమును విశేషముగ కలుగును. ఈ రెండు వాక్యములును కలిసియే ధర్మము. మొదటిది లేనిచో అల్పదోషి తనకు సంబంధమే లేదనును. రెండవది లేనిచో మహాదోషి, అందరును దోషులే గదా అని గుంపులో దాగును.

దేశములకును ఇదే న్యాయము వర్తించును. పారిశ్రామిక యుగారంభము నుండి లెక్కించినచో గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో అమెరికా సంయుక్తరాష్ట్రములది అన్నిటికంటె పెద్ద భాగము. నేటి ఏటి లెక్కలో చైనా మొదటిది, భారతదేశము మూడవది. కాని తలసరి లెక్క వేసినచో భారతీయుని భాగము ప్రపంచపు సగటులో సగము కంటె తక్కువ. విశేషఫలము ఎవరిదో దీనిని బట్టి తేటపడును. పెద్ద భాగము గలవారు పెద్ద బాధ్యతను వహింపవలెననుట ధర్మము. వారు వహించువరకు తాను కదలననుట మాత్రము ధర్మము కాదు. పొరుగువాడు సంధ్యావందనము మానినాడని తాను మానినవానికి ప్రత్యవాయము తప్పునా?

దీపము ఆర్పుమనుట కాదు

ఇంకొక ఆక్షేపణ బీదవాని పక్షమున వచ్చును. పూరింటిలో ఒక దీపము, ఒక పంకా ఉన్నవాడు విద్యుచ్ఛక్తిని మానవలెనా? పిల్లలు చదువు మానవలెనా? ఇది విలువైన ఆక్షేపణ. దీనికి సమాధానము పంచసూనల విచారములో కలదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ ఈ ఐదును గృహస్థుని ఇంట హింసాస్థానములని స్మృతి చెప్పినది. చీమయో, పురుగో వాటి క్రింద నలుగకుండ సంసారము సాగదు. అందువలన పొయ్యిని ఆర్పుమని శాస్త్రము చెప్పలేదు. తప్పనిది గదా అని ఆ హింసను లెక్కలోనుండి కొట్టివేయను లేదు. లెక్కపెట్టినది, ప్రతిదినమును పంచమహాయజ్ఞములతో ఆ ఋణమును తీర్చుకొనుమన్నది. తప్పనిసరియైన చిన్న దోషమును సైతము కన్నులు తెరచి ఒప్పుకొనుట, దానిని తగ్గించుకొనుచు పోవుట, ప్రతిగా లోకమునకు కొంత చేయుట, ఇది గృహస్థధర్మపు రీతి. నేటి ఇంట ఈ ఐదింటికి తోడుగా విద్యుత్తు మీటను, చేతిసంచిని ఆరవ సూనగా ఎంచుకొనుట ఉచితము.

కావలసినది దీపమును ఆర్పుట కాదు, దానిలోని చమురును మార్చుట. విశాఖపట్టణము చెంత సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొన్న విద్యుత్కేంద్రము ఒకటి కలదు. 2,000 మెగావాట్ల ఆ కేంద్రము రాక్షసిబొగ్గుతో నడచును. అదే ఆవరణలోని జలాశయముపై 2021 ఆగస్టులో 25 మెగావాట్ల సౌరఫలకములను తేలగట్టిరి. ఒకే చోట రెండు చమురులును ప్రక్కప్రక్కన ఉన్నవి. 25కును 2,000కును గల దూరము ఇంకను నడువవలసిన దారిని చూపును. దేశము మొత్తము మీద చూచినచో 2025 నాటికి స్థాపితశక్తిలో సగము బొగ్గు, నూనె, సహజవాయువులతో పనిలేని సాధనములదైనది. అయినను వాస్తవముగా ఉత్పత్తియగు విద్యుత్తులో ఎక్కువ భాగము నేటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నది. సూర్యుడు అస్తమించిన పిదప ఇండ్లలో వెలుగు దీపములకు అదే ముఖ్యాధారము. కనుక సాయంకాలమున వృథాగా వెలుగు దీపమును ఆర్పుటలో పొదుపుతో పాటు పుణ్యమును ఉన్నది.

సౌరఫలకములును నిర్దోషములు కావు. వాటి తయారీకి గనులు త్రవ్వవలెను, కొలుములు మండవలెను. ఆయువు తీరిన ఫలకములను సరిగా విడదీయనిచో అవియు చెత్తయే అగును. ఏ ఆరంభమును పూర్తిగ నిర్దోషము కాదని గీతాచార్యుడే అంగీకరించెను. సర్వదోషరహితమైన మార్గము దొరకువరకు ఊరకుందుమనుట విరక్తి కాదు, సోమరితనము. ఎక్కువ హింసను విడిచి తక్కువ హింసను చేపట్టుటయే సంసారికి సాధ్యమైన అహింస.

దేవాలయమునకు, గృహస్థునకు

యాత్రికులు గమనించినచో ఈ దారిలో అడుగు పడియే ఉన్నది. తిరుమలలో 2002లో సూర్యరశ్మిని అద్దముల ద్వారా కేంద్రీకరించి, ఆవిరి పుట్టించి, దినమునకు సుమారు 15,000 మందికి అన్నప్రసాదము వండు ఏర్పాటును నెలకొల్పిరి. 2022 జూను నుండి కొండపై ప్లాస్టిక్కును నిషేధించిరి. అదే సంవత్సరము జులై 1 నుండి ఒకసారి వాడి పారవేయు అనేక ప్లాస్టిక్కు వస్తువులకు దేశమంతట నిషేధము వచ్చినది. అయితే చట్టము బజారును అదుపు చేయగలదే గాని మనస్సును అదుపు చేయలేదు. దానికి భక్తియే కావలెను.

కార్తికమాసమున తెల్లవారుజామున స్త్రీలు నదిలో దీపములను విడుచుట కన్నుల పండువ. పూర్వము ఆ దీపములు అరటి దొప్పలలో తేలెడివి. నేడు అనేక రేవులలో థర్మోకోలు పళ్లెములు వాని స్థానమును ఆక్రమించినవి. దీపము గడియలో కొండెక్కును. పళ్లెము తరతరములు నిలుచును. ఇంటిలోని నిర్మాల్యమును ప్లాస్టిక్కు సంచిలో మూటకట్టి, గోదావరి వంతెనపై వాహనమును ఆపి, సంచితో సహా విసరి, కన్నులకద్దుకొని పోవువారు కలరు. అది వారి చేతిని విడిచినది గాని లోకమును విడువలేదు. అంతర్వేదిలో నృసింహస్వామి సన్నిధిని దాటియే అది సముద్రుని చేరును. మాఘమాసమున స్వామి కల్యాణమునకు పోయి సాగరసంగమమున మునుగునప్పుడు కాలికి చుట్టుకొను సంచి ఎవరిదో చెప్పవలసిన పనిలేదు. నిర్మాల్యమును తులసికోట మొదటనో, పెరటి చెట్ల పాదులలోనో వేసినచో అది తిరిగి పుష్పమై స్వామిని చేరును.

దేవాలయ ధర్మకర్తలకు ఈ విషయమున భాగము మరింత ఎక్కువ. ఆపస్తంబుని మాటను బట్టి వారు ప్రయోజకులు, అనగా నడిపించువారు. ప్రసాదమును ఆకుదొన్నెలలో ఇచ్చుట, అన్నదానమున మోదుగ విస్తళ్లను, అరటి ఆకులను వాడుట, మండపముల పైకప్పులపై సౌరఫలకములను అమర్చుట, తీరక్షేత్రములలో పర్వదినము ముగిసిన మరునాడు ఇసుకను శుభ్రపరచుటను కైంకర్యముగ ఎంచుట వారి చేతిలోని పనులు. గృహస్థునకు గుడ్డసంచియు, ఇత్తడి చెంబును కొత్త వస్తువులు కావు. అటకెక్కిన వాటిని దించుకొనుటయే. సొంత ఇల్లు గలవారు కప్పుపై సౌరఫలకములను పెట్టుకొనుటకు 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 78,000 రూపాయల వరకు కేంద్ర ప్రభుత్వ సహాయము కలదు. సూర్యుని ఉపాసించు అరుణ ప్రశ్నమే నీటిని మలినపరుపవద్దని నియమించినది. ఆ సూర్యుని వెలుగుతోనే ఇంటి దీపమును వెలిగించుకొని సముద్రుని బరువును తగ్గించుట ఆ నియమమును ఈ కాలమునకు తగినట్లు పాటించుటయే.

ప్రాయశ్చిత్తము మాటయు ఒకటి చెప్పవలెను. తప్పు చేయుచునే సముద్రస్నానముతో దానిని కడుగుకొందుమనువారికి శాస్త్రము తోడు రాదు. పశ్చాత్తాపము, తిరిగి చేయననెడి సంకల్పము లేని ప్రాయశ్చిత్తము ప్రాయశ్చిత్తమే కాదు. నామబలమును నమ్ముకొని పాపమాచరించుట నామాపరాధములలో ఒకటిగా పెద్దలు లెక్కించిరి. తీర్థబలమును నమ్ముకొని తీర్థమునే పాడుచేయుట అంతకు తీసిపోదు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున అమ్మవారికి పురుషకారమని స్థానము. చేతనుడు ఎన్ని అపరాధములు చేసినను స్వామి యెదుట నిలిచి వానిని క్షమింపుమని బతిమాలునది ఆ తల్లి. ఆమె వాత్సల్యమునకు మేర లేదు. తన తండ్రి ఇంటి వాకిట చెత్త పోసినవాని కొరకును ఆమె విన్నవించునేమో! కాని ఆమె పుట్టింటిని మలినపరచిన చేతులనే జోడించి ఆమె యెదుట నిలుచు బిడ్డకు, ఆ విన్నపమును అడుగుటకు నోరెట్లు వచ్చును? సముద్రములో కాకిరెట్ట అను మాట లోకమున ఎవరి యెదుట చెల్లినను ఆ తల్లి యెదుట చెల్లదు.

క్షీరాబ్ధి కన్యకా సమేతుడైన శ్రియఃపతి భక్తులందరికిని తమ భాగమును తాము ఎరిగి దిద్దుకొను సద్బుద్ధిని ప్రసాదించుగాక. సముద్రుడు ప్రసన్నుడై సకాలవర్షములతో లోకమును కాచుగాక. శుభమస్తు.